తప్పంతా తేమదే

మా మావయ్య పుట్టి బుద్ధెరిగాక మనిషన్నవాణ్ణి ఒక్కణ్ణి కూడా తప్పు పట్టలేదు. అలాగని ఆయన సాధువేం కాదు. రోజంతా ఎవరో ఒకరితో పోట్లాడుతూనే ఉంటాడు. కానీ పోట్లాట ఎంత దూరం వెళ్లినా "తప్పు నీది" అన్న మాట మాత్రం ఆయన నోట రాదు. లోకంలో జరిగే తప్పులన్నిటికీ ఆయన దగ్గర ఒకే ఒక్క ముద్దాయి ఉంది. తేమ. గాల్లో తేమ, గోడల్లో తేమ, కాగితంలో తేమ. కూర మాడినా తేమే, కుర్చీ విరిగినా తేమే. అందుకే ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో అందరూ ఆయన్ని తేమ మావయ్య అనేవాళ్లు. అసలు మేనకోడల్ని నేనొక్కదాన్నే. కానీ ఆయన్ని మావయ్యా అని పిలవని మనిషి ఆ వీధిలోనే లేడు.

ఒకసారి మా అత్తయ్య కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మావయ్య మాత్రం గంభీరంగా నమిలి, మింగి, చెంబెడు మంచినీళ్లు తాగి తీర్పు చెప్పాడు.

"ఉప్పుకి తేమ పట్టిందే. గడ్డకట్టి చెంచాకి ఎక్కువ ఎక్కింది."

"గడ్డా లేదు గిడ్డా లేదు. మర్చిపోయి నేనే రెండోసారి వేశాను" అంది అత్తయ్య.

"నువ్వు మర్చిపోవడమేంటి? గాలి ఎంత బరువుగా ఉందో చూడు. ఇలాంటి తేమలో ఎవరికైనా బుర్ర పనిచేస్తుందా?"

అత్తయ్య నెత్తి కొట్టుకుంది. పెళ్లయినప్పట్నుంచి ఆ ఇంట్లో ఆవిడకి తప్పు ఒప్పుకునే అవకాశం ఒక్కసారి కూడా దక్కలేదు. "అందరూ మొగుడు తప్పులు పడుతున్నాడని ఏడుస్తారు. నాకు ఆ యోగం కూడా లేదు వదినా" అని మా అమ్మ దగ్గర వాపోయేది.

చదువుకునే రోజుల్లో నేను లెక్కల పరీక్ష తప్పాను. మా అమ్మ చీపురు అందుకుంది. మావయ్య చేతులు బారచాపి మా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"అక్కా, ఆగు. ముందు ఆ ప్రశ్నపత్రం ఎలాంటి కాగితం మీద అచ్చయిందో కనుక్కున్నావా?"

"ఏ కాగితమైతే ఏంట్రా?"

"అలా అంటావేంటి? కాగితం తేమకి సాగుతుంది. కాగితం సాగితే దాని మీద ప్రశ్నలు సాగవూ? పిల్ల పాపం చిన్న ప్రశ్నలకి చదివి వెళ్లింది. అక్కడ చూస్తే అన్నీ సాగి కూర్చున్నాయి."

అమ్మ చీపురు కింద పడేసి పగలబడి నవ్వింది. నేను మళ్లీ రాసి గట్టెక్కాను. చదువయ్యాక నన్ను తన ప్రెస్సులోనే పనికి పెట్టించాడు మావయ్య. కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పని. అక్కడ చేరాక గానీ ఆయన తేమ ఎంత లోతో నాకు అర్థం కాలేదు.

ఆ ప్రెస్సు ఒక పొడవాటి రేకుల షెడ్డు. ఒక చివర నా కంప్యూటర్ గది, ఇంకో చివర మావయ్య అచ్చు మిషను. మధ్యలో అడుగు నుంచి లైటు వెలిగే పెద్ద అద్దం బల్ల. ఆ బల్ల పేస్టింగక్క రాజ్యం. అందులోకి ఆవిడ అనుమతి లేకుండా దోమ కూడా వాలేది కాదు.

రంగుల బొమ్మ ఒక్క దెబ్బకి అచ్చయిపోతుందనుకుంటాం. అలా కాదు. నీలం, ఎరుపు, పసుపు, నలుపు, ఈ నాలుగూ విడివిడిగా, ఒకదాని మీద ఒకటి పడాలి. రంగుకో ఫిల్ము. నా కంప్యూటర్ నుంచి వచ్చిన ఫిల్ములన్నీ అక్క తన బల్ల మీద పరుచుకుని, బొమ్మ ముక్క, అక్షరాల ముక్క, అంచుల ముక్క, దేని చోట్లో దాన్ని పెద్ద షీటు మీద టేపుతో అతికిస్తుంది. రంగుకో షీటు చొప్పున నాలుగు షీట్లు. వాటి నుంచి రంగుకో ప్లేటు తయారై మిషనెక్కుతుంది. నాలుగింటిలోనూ బొమ్మ సరిగ్గా ఒకే చోట ఉండాలి. వెంట్రుకవాసి జరిగినా అచ్చులో పెదవి పక్కన ఇంకో పెదవి మొలుస్తుంది. షీటు మూలల్లో ముందే వేసిన ప్లస్ గుర్తులుంటాయి. నాలుగు రంగుల ప్లస్సులూ ఒకదాని మీద ఒకటి కూర్చుని ఒక్కటిగా కనిపిస్తే అంతా కుదిరినట్టు లెక్క. లోకంలో ప్రతి ప్రెస్సువాడూ ఆ గుర్తులు చూసే మిషను సరిచేస్తాడు.

ఒక్క మా మావయ్య తప్ప. ఆయన వేసిన కాగితాల్లో బొమ్మ కడిగిన ముత్యంలా ఉండేది. మూలల్లో ప్లస్సులు మాత్రం తలో దిక్కుకీ పోయేవి.

"ఏమయ్యా, ఈ మూల చూశావా? ఇది ప్లస్సులా ఉందా? సాలీడులా ఉంది" అని గొంతు చించుకునేవారు ఓనరుగారు.

"సాలీడే. అయితే ఏం? మూలలు కోసి పారేసేవేగా. ఎవరైనా మూలలు గోడకి తగిలించుకుంటారా?"

"గుర్తులు కుదరకుండా బొమ్మ ఎలా కుదిరిందయ్యా?"

"తేమండీ. కాగితానికి తేమ ముందు అంచుల్లో పడుతుంది. అంచులు సాగుతాయి. నడుము సాగదు."

"కాగితానికి నడుమేంటి?"

"ఎందుకుండదు? మీకు లేదా?"

ఓనరుగారు పొట్ట లోపలికి లాక్కుని వెళ్లిపోయేవారు.

అయితే ఒక చిక్కు ఉండేది. బొమ్మ కుదిరినా, బొమ్మ చుట్టూ వేసిన రంగు అంచు పక్కన సన్నటి తెల్లగీత కనబడేది. గిరాకీదార్లు ఆ గీత పట్టుకుని గోల చేసేవాళ్లు. అప్పుడు మావయ్య చల్లగా నా గదిలోకి వచ్చేవాడు.

"అమ్మాయ్, ఆ అంచు రంగు కొంచెం లావు చెయ్యి. పక్క రంగు కిందకి దూరేలా. కాగితం అటూఇటూ జరిగినా మధ్యలో తెల్లగా కనబడదు."

ఇది మా పనిలో మామూలే. రంగులు కాస్త ఒకదాని మీదకి ఒకటి ఎక్కేలా పేజీ కూరిస్తే చిన్న చిన్న జరుగుళ్లు కంటికి తెలియవు. నేను లావు చేసేదాన్ని. కొన్నాళ్లకి మళ్లీ వచ్చేవాడు.

"ఇంకొంచెం లావు చెయ్యి."

"మొన్నేగా చేశాను మావయ్యా?"

"ఏడాదికేడాదికీ తేమ పెరిగిపోతోందమ్మా. ఏం చేస్తాం!"

ఇంక పేస్టింగక్క సంగతి. ఆవిడది మావయ్య ఈడే. ప్రెస్సులో ఆయనకంటే ముందు చేరింది. భూతద్దం వాడటం ఆవిడకి నామోషీ. "భూతద్దాలు కళ్లు లేనివాళ్లకి. నా కన్నే నా స్కేలు" అనేది. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ మాట చెప్పేది. పాతవాళ్లకి వారానికోసారి గుర్తుచేసేది. ఆవిడకీ మావయ్యకీ క్షణం పడేది కాదు.

"ఏమయ్యా తేమా, నేనిచ్చిన షీట్లకి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. మరి అంచు పక్కన గీత ఎందుకొచ్చిందట?"

"నీ షీట్లకేం మహాతల్లీ, భేషుగ్గా ఉన్నాయి. తేమ."

"తేమా కాదు, దోమా కాదు. నీ చేతికి వణుకొచ్చింది. ఒప్పుకోరాదూ?"

"ఒప్పుకోను. ఏం చేస్తావో చేసుకో పో."

ఒకసారి ఏదో పోట్లాట ముదిరి అక్క విసిరిన స్టీలు స్కేలు మావయ్య చెవి పక్కనుంచి దూసుకెళ్లి తలుపుకి తగిలింది. దేనికొచ్చిందో ఆ పోట్లాట ఇద్దరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆయన తన బల్ల వైపు వస్తే చేతులు విరగ్గొడతానని శాసనం చేసింది అక్క. మావయ్య కూడా ఆ ఛాయలకి పోలేదు. కాకపోతే అప్పుడప్పుడూ నా చేత బల్బులు పంపేవాడు. "బల్ల కింద బల్బులకి తేమ పట్టినట్టుంది. ఇవి మార్చమను. నేనిచ్చానని చెప్పకు." ప్రతిసారీ ముందువాటికంటే వెలుతురు ఎక్కువవి. పోను పోను ఆ బల్ల దగ్గర నిలబడితే మిట్టమధ్యాహ్నం మేడ మీద నిలబడ్డట్టుండేది.

చివరికి ఓనరుగారికి ఓపిక నశించింది. ఒకరోజు బీరువా అంత యంత్రం ఒకటి షెడ్డులోకి దింపించారు. గాల్లో తేమని లాగేసే యంత్రం అది. దాంతోపాటు గోడకి గడియారంలాంటి మీటరు కూడా బిగించారు. అందర్నీ పిలిచి ప్రకటించారు.

"ఇంక ఈ షెడ్డులో తేమ అనే మాట వినబడకూడదు. అర్థమైందా?"

పాపం, ఉన్న ఒక్క ముద్దాయినీ పట్టుకుపోయారనుకున్నాను నేను. సాయంత్రానికి ఆ యంత్రం అడుగున పెట్టిన బకెట్టు నిండింది. అంతే. మావయ్య ఆ బకెట్టు ఎత్తుకుని షెడ్డంతా ఊరేగాడు.

"చూడండి! కళ్లారా చూడండి! ఇన్ని నీళ్లు! ఇన్నాళ్లూ నేను అబద్ధం చెప్పానా? ఏమండీ ఓనరుగారూ, ఇప్పుడేమంటారు?"

"ఏమనను. ఆ నీళ్లు పోయాయిగా? ఇప్పుడు గుర్తులు కుదరాలిగా? రేపు చూస్తాను."

మర్నాడు కూడా ప్లస్సులు సాలీళ్లలాగే వచ్చాయి. ఓనరుగారు మావయ్యని భుజం పట్టుకుని మీటరు ముందుకి తీసుకెళ్లారు.

"ముల్లు చూడు. ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఇప్పుడు చెప్పు, తప్పు ఎవరిది?"

మావయ్య మీటరుని తేరిపార చూశాడు. వేలితో అద్దం మీద కొట్టాడు. జేబులోంచి గుడ్డ తీసి తుడిచాడు.

"మీటరుకే తేమ పట్టిందండీ."

ఓనరుగారు అక్కణ్ణుంచే మెకానిక్కుకి ఫోన్ చేశారు.

సరిగ్గా అప్పుడే మాకో పెద్ద పని వచ్చింది. సబ్బు కంపెనీ పోస్టర్. పోస్టరంతా ఒకటే పసిపాప మొహం, బోసినవ్వు నవ్వుతూ. చుట్టూ లావాటి నీలం అంచు. కింద సబ్బు పేరు. ఆ పాప నవ్వు సరిగ్గా వస్తే ఏడాది పొడుగునా కంపెనీ పనంతా మాకే అని ఓనరుగారు గాల్లో తేలిపోతున్నారు.

మెకానిక్కు వచ్చాడు. మాట తక్కువ మనిషి, నెమ్మదస్తుడు. మిషను మొత్తం విప్పి, తుడిచి, బిగించి, "మిషనులో ఏ లోపమూ లేదండీ" అన్నాడు.

"విన్నావా?" అన్నారు ఓనరుగారు మావయ్యతో. "మిషను బాగుంది. గాలి బాగుంది. కాగితం కొత్తది. ఈ పోస్టర్ మాత్రం గుర్తులు చూసే వెయ్యాలి. నాలుగు ప్లస్సులూ ఒక్కటిగా కనబడాలి. నీ సొంత పైత్యం కుదరదు."

"వెయ్యను" అన్నాడు మావయ్య.

"ఏంటీ?"

"గుర్తులు చూసి వెయ్యను. పాప మొహం చూసి వేస్తాను. ఇష్టమైతే వేయించుకోండి, లేకపోతే లేదు."

"ఇది నా ప్రెస్సయ్యా!"

"ప్రెస్సు మీదే. పాప మొహం ఎవరిది? దాన్ని పాడుచెయ్యడానికి నా చేతులు రావు."

ఓనరుగారి మొహం ఎర్ర సిరాలా అయింది. "అవతలికి నడు! మెకానిక్కు వేస్తాడు."

మావయ్య చేతులు తుడుచుకుని, గడ్డం పైకెత్తి, వెళ్లి కాగితాల కట్ట మీద కూర్చున్నాడు. మెకానిక్కు మొహమాటపడుతూనే మిషను ఎక్కాడు. ఓనరుగారు స్వయంగా భూతద్దం పట్టుకుని మూల మూలా చూశారు. కాస్సేపటికి ప్లస్సులు నాలుగూ వచ్చి ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. ఓనరుగారు గెంతినంత పనిచేశారు.

"ఇదీ ప్లస్సంటే! చూడవయ్యా తేమా, చూడు! ఊఁ, వెయ్యండి, వెయ్యండి!"

మిషను దడదడలాడింది. పోస్టర్లు దొంతరగా పడుతున్నాయి. ఓనరుగారి కళ్లు మూలల్నుంచి కదిలితే ఒట్టు. అప్పుడే సబ్బు కంపెనీ ఆయన, పని ఎంతవరకూ వచ్చిందో చూద్దామని లోపలికొచ్చాడు. పైనున్న పోస్టర్ తీసి చూసి కెవ్వుమన్నాడు.

"ఏంటండీ ఇది?"

అందరం పరుగెత్తాం. పాపకి కింది పెదవి కింద ఇంకో పెదవి. కనుబొమ్మల మీద నీలం కనుబొమ్మలు. బుగ్గల్లో ఎరుపు బుగ్గలు దాటి చెవుల దాకా పోయింది. బోసినోట్లో ఒక నల్లగీత పడి పన్నులా కనబడుతోంది. నవ్వు బెదిరింపులా ఉంది.

"మా సబ్బుతో రుద్దితే పిల్లలు ఇలా తయారవుతారనుకోరూ జనం?" అన్నాడు సబ్బు కంపెనీ ఆయన ఏడుపు గొంతుతో.

ఓనరుగారు మెకానిక్కు వైపు చూశారు. మెకానిక్కు భూతద్దంతో మూలలు చూశాడు, పాపని చూశాడు, మళ్లీ మూలలు చూశాడు.

"గుర్తులు కుదిరాయి. బొమ్మ కుదరలేదు. అంటే మిషనులో కాదండీ. షీటు మీద బొమ్మ అతికించడంలోనే..."

ఆ మాట పూర్తికాలేదు. షెడ్డులో అందరి తలలూ ఒక్కసారిగా అద్దం బల్ల వైపు తిరగబోయాయి. మావయ్య కాగితాల కట్ట మీంచి ఒక్క ఉదుటున లేచాడు.

"నేనే!" అని అరిచాడు.

"నువ్వేంటి?"

"ఆ ఫిల్ములు నేనే కదిపాను. నా మోచెయ్యి తగిలి జరిగాయి. తప్పు నాది."

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. ఓనరుగారు నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు.

"తేమ కాదా?"

"కాదు."

"మనిషా?"

"మనిషే. ఈ మనిషే. ఏం చేస్తారో చేసుకోండి." గుండెలమీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు.

ఓనరుగారు ఏదో అనబోయారు గానీ, ఈలోగా పేస్టింగక్క నడుముకి చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది.

"ఆగండి. ఈయన మోచెయ్యి నా బల్లకెలా తగిలింది? స్కేలు విసిరినప్పట్నుంచి ఈయన నా బల్ల దరిదాపులకి రాలేదు. పైగా ఈయన తప్పు ఒప్పుకోవడమేంటి? పొయ్యిలో మంచు కురిసిందన్నా నమ్ముతాను గానీ ఇది నమ్మను. ఇందులో ఏదో ఉంది."

ఉన్నపళంగా నా చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కుపోయింది. పోస్టర్ షీట్లు నాలుగూ ఒకదాని మీద ఒకటి పరిచి లైటు వేసింది. వంగి చూసింది. ఇంకా వంగింది. ముక్కు అద్దానికి ఆనింది.

"నాకు బాగానే ఉన్నట్టుంది. నువ్వు చూడు."

నేను భూతద్దం పెట్టి చూశాను. గుర్తులన్నీ కుదిరాయి. పాప మొహం మాత్రం నీలంలో ఒకచోట, ఎరుపులో ఇంకోచోట ఉంది.

"అదీ... గాల్లో కొంచెం తేమ..." అన్నాను.

"ఒసేయ్, మేనమామ పోలికలు నా దగ్గర చూపించకు. నిజం చెప్పు."

"జరిగిందక్కా. కాస్త ఎక్కువే జరిగింది."

అక్క లైటు ఆర్పింది. చీరకొంగు నడుముకి బిగించింది. సరాసరి ఓనరుగారి ముందుకెళ్లి నిలబడింది.

"తప్పు నాది. నా కళ్లు సరిగ్గా కనబడటం లేదు."

"ఆవిడ మాట నమ్మకండి!" అని మధ్యలో దూరాడు మావయ్య. "ఆవిడకి మొదట్నుంచీ గొప్పలు చెప్పుకోవడం అలవాటు. ఆఖరికి నా తప్పు కూడా తనదేనని చెప్పుకుంటోంది!"

"నోర్ముయ్యవయ్యా! అతికించింది నేను."

"కదిపింది నేను!"

"నువ్వు కదపలేదు!"

"నువ్వు చూశావా?"

"చూశానో లేదో... చూపు లేదనేగా చెప్తున్నాను!"

ఇన్నేళ్లూ తప్పు నాది కాదంటే నాది కాదని కొట్టుకున్న మనుషులు, ఇప్పుడు నాదంటే నాదని జుట్టూ జుట్టూ పట్టుకునేలా ఉన్నారు. సబ్బు కంపెనీ ఆయన పోస్టర్ సంగతి మర్చిపోయి నోరెళ్లబెట్టి చూస్తున్నాడు. మెకానిక్కు మాత్రం నెమ్మదిగా వెళ్లి, మూల పడేసి ఉన్న పాత పనుల మిగులు కాగితాలు కొన్ని తెచ్చి నేల మీద పరిచాడు. కోతకి వెళ్లని కాగితాలు. మూలలు అలాగే ఉన్నాయి.

"ఇలా చూడండి" అన్నాడు. "అన్నిటిలోనూ గుర్తులు తప్పాయి. అన్నిటిలోనూ బొమ్మ కుదిరింది. పాతవాటిలో గుర్తులు కొంచెమే జరిగాయి. కొత్తవాటిలో ఎక్కువ. షీటులో బొమ్మ ఎంత పక్కకి పోతే, ఈయన మిషనుని అంత వెనక్కి లాగుతూ వచ్చాడు. రంగు రంగుకీ విడివిడిగా. అంత సులువు పని కాదు."

ఓనరుగారు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కాగితం చూశారు. లేచి మావయ్య వైపు తిరిగారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరేం చేసేవాళ్లు?" అన్నాడు మావయ్య. ఎదురు ప్రశ్న వేసేటప్పుడు ఆయన గడ్డం దానంతటదే పైకి లేస్తుంది. "ఆవిడని ఇంటికి పంపించి ఇంకోణ్ణి పెట్టేవాళ్లు. కాదని చెప్పండి చూద్దాం! కంటికి పొర కమ్మితే తీసెయ్యడానికి డాక్టరున్నాడు. ఆ వేళ్లలో ఉన్న పనితనం ఎవరు పెడతారు? పంపుతానంటే ఇప్పుడే చెప్పండి. నేనూ బయటికి నడుస్తాను. ఆ ప్లస్సులు మీరే కలుపుకోండి."

ఓనరుగారు ప్లస్సుల వంక చూశారు, రెండు పెదవుల పాప వంక చూశారు.

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?" అంది అక్క. గొంతు కొంచెం తగ్గింది.

"చెప్పాను. ఒకసారి డాక్టరుకి చూపించుకోమన్నాను. స్కేలు విసిరావు."

అక్క చటుక్కున తల పక్కకి తిప్పుకుంది. "ఆ స్కేలు నీకు తగలనప్పుడే నాకు అనుమానం రావాల్సింది" అంది.

అందరం ఒక్కసారిగా నవ్వేశాం. ఓనరుగారు కూడా. నవ్వు ఆగాక ఆయన మిషను వైపు చెయ్యి చూపించారు. "వెళ్లవయ్యా, వెళ్లు. నీ ఇష్టమొచ్చినట్టు తగలెయ్యి."

"అందరూ అవతలికి జరగండి" అన్నాడు మావయ్య చొక్కా చేతులు మడుచుకుంటూ. "గాలి ఆడనివ్వండి."

మూలల వంక కన్నెత్తి చూడలేదు. పాప మొహం వంకే చూస్తూ ఒక మర అటు, ఒక మర ఇటు తిప్పాడు. కాగితం తీశాడు, చూశాడు, చింపాడు. మళ్లీ తిప్పాడు. రెండు పెదవులూ దగ్గరికొచ్చాయి. కనుబొమ్మలు కలిశాయి. పన్ను మాయమైంది. చివరికి పాప బోసిగా, హాయిగా నవ్వింది. నేను లావు చేసిన నీలం అంచు పక్కన తెల్లగీత జాడే లేదు. సబ్బు కంపెనీ ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, పాప నిజంగా ఎదురుగా ఉన్నట్టు తనూ నవ్వాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ మావయ్యని అడిగాను, ఇన్నాళ్లూ అందరి మాటలూ ఎందుకు పడ్డావని.

"నన్నంటే నాకేమైంది? రెండు అరుపులు అరిచి వచ్చి పడుకుంటాను. నువ్వు తప్పు చేశావని మనిషి మొహం మీద అంటే, ఆ మనిషి మర్నాడు పనికి వస్తుంది గానీ చెయ్యి వణుకుతుంది. తేమని ఎన్ని తిడితే ఏం? అదెప్పుడైనా అలిగి అన్నం మానేసిందా?"

కళ్ల ఆపరేషనుకి అక్కని ఒప్పించడం ఇంకో యుద్ధం. "నా కళ్లు, నా ఇష్టం" అని ఆవిడ, "నా మిషను, నా ఇష్టం, నీ షీట్లు ఇంక ముట్టను" అని ఈయన. ఓనరుగారు ఆవిడ లేని రోజుల్లో ఆ బల్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని బల్ల చుట్టూ తాడు కట్టించారు. ఆ తాడు చూశాక గానీ ఆవిడ ఆసుపత్రికి కదల్లేదు. మా అత్తయ్య తోడు వెళ్లింది.

అక్క నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చిన రోజు ప్రెస్సులో ఒక్కరికీ పనిమీద ధ్యాస లేదు. ఆవిడ వస్తూనే తాడు విప్పి, షీట్లు పేర్చి, అతికించి పంపింది. మావయ్య అలవాటు కొద్దీ మరలన్నీ పాత లెక్కలోనే వెనక్కి లాగి మిషను తిప్పాడు. మొదటి కాగితం పడింది. పూలకుండీ బొమ్మ. ప్రతి పువ్వూ రెండు పువ్వులైంది.

షెడ్డు అవతలి చివర నుంచి అక్క కేక వేసింది. "ఏమయ్యోయ్! ఇక్కడికే కనబడుతోంది! నా షీట్లు సరిగ్గా ఉన్నాయి. ఎందుకు లాగావు?"

"వస్తున్నా, వస్తున్నా" అని మావయ్య మరలు సర్దుకున్నాడు. కొత్త కాగితం తీసుకుని, శాసనం గిరి దాటి, స్కేలు గొడవ తర్వాత మొదటిసారి ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లాడు. అక్క నల్లకళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. కాగితం అందుకోలేదు. ఆయన మొహం వంకే చూస్తూ ఉండిపోయింది.

"నీ జుట్టెప్పుడు ఇంత తెల్లబడిందయ్యా?"

మావయ్య చెయ్యి తల మీదకి పోయింది. "నువ్వు చూడటం లేదు కదా అని... ఆ టైములో కానిచ్చేశాను."

"బాగానే ఉందిలే" అంది అక్క. కాగితం లాక్కుని, లైటు వేసి, పూలు ఒక్కొక్కటే చూసింది. వంక పెట్టడానికి చోటు దొరక్క మళ్లీ ఆయన వైపు తిరిగింది. "చెవి మీద ఎర్రరంగు అంటుకుంది. తుడుచుకో."

ఆయన గబగబా తుడుచుకున్నాడు.

"ఆ చెవి కాదు."